ఒక ‘ఋ’ కోసం: తుపానులో తడిసిన ఫ్లాపీల నుంచి ఒక మాస్టారి ప్రోగ్రాములు

నేపథ్యం

పాత డిస్కుల్లో చిక్కుకుపోయిన సమాచారాన్ని బయటికి తీయడం నా వృత్తి. విశాఖపట్నం ద్వారకానగర్‌లో ఒక చిన్న గది, రెండు బల్లలు, పాత డ్రైవులతో నిండిన ఒక బీరువా నా పనిముట్లు. నా దగ్గరికి ఎక్కువగా హార్డ్ డిస్కులు, పెన్ డ్రైవులు, పెళ్లి ఫొటోల సీడీలు వస్తుంటాయి. ఏడాదికి ఒకటి రెండు సార్లు మాత్రం ఎవరో ఒకరు అటక మీది నుంచి దించిన పెట్టె తెస్తారు. దాన్ని తెరిస్తే అయిదుంపావు అంగుళాల ఫ్లాపీలు కనిపిస్తాయి. అలాంటి పెట్టె ఒకదాని సంగతి ఇక్కడ రాస్తున్నాను. యజమాని అనుమతి తీసుకున్నాను. పేర్లు, బడి, వీధి వదిలేశాను. ఆయన్ని గుర్తుపట్టగలిగే వివరాలు ఒకటి రెండు మార్చాను.

ఆయన పదవీ విరమణ చేసిన లెక్కల మాస్టారు. 1984-85లో కేంద్ర ప్రభుత్వం ‘క్లాస్’ పేరుతో బడిపిల్లలకు కంప్యూటర్ నేర్పే పథకం మొదలుపెట్టినప్పుడు దానికి ఎంచుకున్న యంత్రం బీబీసీ మైక్రో. ఇంగ్లండులో ఏకార్న్ సంస్థ 1981లో విడుదల చేసిన కంప్యూటర్ అది. మెమరీ 32 కిలోబైట్లు. స్విచ్చి వేయగానే ప్రోగ్రాములు రాసే ‘బేసిక్’ భాష సిద్ధంగా ఉండేది. ఈ మాస్టారి బడికీ అవి వచ్చాయి. సాయంత్రం పిల్లలు వెళ్లిపోయాక ఆయన ఆ గదిలో కూర్చుని తనకు తానే నేర్చుకున్నారు. ఎక్కాలు అప్పజెప్పించే ప్రోగ్రాము, భిన్నాలను కూడించే ప్రోగ్రాము, సమీకరణానికి గ్రాఫు గీసే ప్రోగ్రాము రాశారు.

అన్నిటికంటే ఆయన ప్రాణం పెట్టి రాసింది అచ్చుల ప్రోగ్రాము. ఆ యంత్రానికి తెలుగు రాదు. అయితే 224 నుంచి 255 వరకు ఉన్న 32 సంఖ్యలకు మనకు కావలసిన బొమ్మను కేటాయించుకోవచ్చు. ఒక్కో బొమ్మ ఎనిమిది వరుసలు, వరుసకు ఎనిమిది చుక్కలు. తెలుగు అక్షరం వెడల్పు, ఆ ఒక్క గడిలో ఇమడదు. మాస్టారు ఒక్కో అక్షరానికి రెండేసి గళ్లు పక్కపక్కన వాడారు. అ నుంచి అః వరకు పదహారు అచ్చులు. పదహారు రెళ్లు ముప్పై రెండు. ఒక్క గడి కూడా మిగలలేదు, ఒక్కటి కూడా తక్కువ కాలేదు. “ఆ లెక్క కుదిరిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు బాబూ” అన్నారాయన, నలభై ఏళ్ల తర్వాత కూడా అదే సంతోషంతో.

నా దగ్గరికి వచ్చేసరికి పరిస్థితి

పెట్టెలో 11 డిస్కులున్నాయి. ఇల్లు సముద్రానికి దగ్గర. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను ఊరి మీద పడినప్పుడు కిటికీ అద్దాలు పగిలి ఆ గదిలోకి వాననీరు వచ్చింది. పెట్టె తడిసింది. తర్వాత ఎవరో డిస్కులను ఆరబెట్టి అదే పెట్టెలో, అదే అట్టకవర్లలో పెట్టేశారు. విశాఖ గాలిలో ఉప్పూ తేమా ఎప్పుడూ ఉంటాయి. తడిసిన అట్ట మధ్య ఏళ్ల తరబడి ఉన్న డిస్కులకు బూజు పట్టింది.

నాకంటే ముందు ఈ డిస్కుల్లో ఒకటి వేరే కొట్టుకు వెళ్లింది. అక్కడ పాత కంప్యూటర్లో పెట్టి చూశారు. డిస్కు ఫార్మాట్ అయి లేదని, ఫార్మాట్ చేయమంటారా అని తెర మీద ప్రశ్న వచ్చింది. పక్కనే ఉన్న మాస్టారి అమ్మాయి వద్దన్నారు. ఆ ఒక్క మాటే ఈ కేసును నిలబెట్టింది. కానీ ఆ లోపలే మూడు నాలుగు సార్లు డిస్కును తిప్పారు. లోపలి నుంచి గీరుతున్న చప్పుడు వచ్చిందని ఆవిడ చెప్పారు. ఆ చప్పుడు ఏమిటో నాకు తర్వాత తెలిసింది.

“మిగతావి వస్తే సంతోషం. అచ్చులు రావాలి” అన్నారు మాస్టారు.

మొదటి నిర్ణయం: చదవకపోవడం

డిస్కు చేతికి రాగానే డ్రైవులో పెట్టి చూడాలనిపిస్తుంది. ఆ కోరికను అణచుకోవడం నేను కష్టపడి నేర్చుకున్న విషయం. ఫ్లాపీ తిరిగేటప్పుడు రాతను చదివే హెడ్డు డిస్కును ఆనుకునే ఉంటుంది. ఉపరితలం మీద బూజు గానీ ఇసుకరేణువు గానీ ఉంటే నిమిషానికి 300 చుట్లు తిరిగే డిస్కు మీద అది హెడ్డు కింద రాపిడి పెడుతుంది. సమాచారాన్ని మోసే అయస్కాంత పూత దానితోపాటు లేచిపోతుంది. పాడైన డిస్కుకు మొదటి చుట్టే ఆఖరి చుట్టు కావచ్చు.

అందుకే ముందు ప్రతి డిస్కు లేబులుకూ రెండు వైపులా ఫొటో తీశాను. పక్కనున్న గాటు మీద స్టిక్కరు అంటించాను. అయిదుంపావు అంగుళాల డిస్కులో ఆ గాటు మూసేస్తే దాని మీద ఏదీ రాయడానికి వీలుండదు. తర్వాత మధ్యలోని రంధ్రంలో వేలు పెట్టి డిస్కును నెమ్మదిగా తిప్పుతూ, కిటికీలాంటి పొడవాటి సందులోంచి దీపం వెలుగులో చూశాను. అయిదు శుభ్రంగా ఉన్నాయి. నాలుగింటికి బూజు మచ్చలున్నాయి. రెండింటికి దూది తగిలిస్తే చాలు, గోధుమరంగు పొడి రాలుతోంది. పెట్టెను అలా మూడు భాగాలు చేశాను. కొట్టులో తిప్పిన డిస్కు బూజువాటిలో ఉంది.

శుభ్రమైనవాటితో మొదలుపెట్టడానికి కారణం ఒకటే. ఆ యంత్రం డిస్కుల తీరు ఏమిటో, నా డ్రైవు వాటిని ఎలా చదువుతుందో తెలిశాకే బలహీనమైనవాటి జోలికి వెళ్లాలి.

విఫలమైన మొదటి ప్రయత్నం

ఇప్పుడు దొరికే యూఎస్‌బీ ఫ్లాపీ డ్రైవులు మూడున్నర అంగుళాల డిస్కులకే పనికొస్తాయి. నా దగ్గర పాత పీసీలోంచి తీసిన 40 ట్రాకుల అయిదుంపావు డ్రైవు ఉంది. డిస్కు మీద రాత ఉండే ఒక్కో వలయం ఒక ట్రాకు, అందులో ఒక్కో ముక్క ఒక సెక్టారు. దాన్ని పాత మదర్‌బోర్డుకు తగిలించి మొదటి శుభ్రమైన డిస్కు పెట్టాను. ఒక్క సెక్టారు కూడా రాలేదు. రెండో డిస్కు, మూడో డిస్కు కూడా అంతే. రెండు రోజులు డిస్కులనే అనుమానించాను. హెడ్డు తుడిచాను, వేగం సరిచూశాను, కేబులు మార్చాను.

మూడు డిస్కులు ఒకే విధంగా, మొదటి ట్రాకు నుంచి చివరి ట్రాకు దాకా, ఒక్క సెక్టారు కూడా ఇవ్వకుండా విఫలమవడం నన్ను ఆలోచనలో పడేసింది. బూజూ తేమా అంత సమానంగా పాడుచేయవు. ఎక్కడో ఒకచోట కొంచెమైనా మిగులుస్తాయి. అన్నీ ఒకేలా విఫలమైతే తప్పు డిస్కులో కాదు, చదివే పద్ధతిలో ఉన్నట్టు. ఆలస్యంగానైనా ఆ ఆలోచన వచ్చాక దారి దొరికింది.

బీబీసీ మైక్రో తొలి డిస్కు వ్యవస్థ ఎఫ్‌ఎం అనే పాత పద్ధతిలో రాస్తుంది. పీసీలు వాడేది దానికి రెట్టింపు సాంద్రత ఉన్న ఎంఎఫ్‌ఎం. పీసీల్లో ఫ్లాపీ డ్రైవును నడిపే కంట్రోలర్ చిప్పులు చాలావాటికి ఎఫ్‌ఎం చదవడం రాదు. ఆ కొట్టులో కంప్యూటర్ ‘ఫార్మాట్ అయి లేదు’ అన్నదీ ఇందుకే. రాత అక్కడే ఉంది, ఆ యంత్రానికి ఆ లిపి తెలియదు.

డ్రైవును గ్రీజ్‌వీజల్ అనే చిన్న బోర్డుకు తగిలించాను. అది సెక్టార్లను అర్థం చేసుకునే ప్రయత్నమే చేయదు. డిస్కు తిరుగుతుండగా అయస్కాంత దిశ ఎప్పుడెప్పుడు మారిందో ఆ సమయాలను మాత్రం నమోదు చేస్తుంది. వాటిని ఎలా చదవాలో తర్వాత తీరిగ్గా తేల్చుకోవచ్చు. వచ్చిన వ్యవధులన్నిటినీ గ్రాఫుగా గీస్తే రెండే శిఖరాలు కనిపించాయి. ఒకటి 4 మైక్రోసెకన్ల దగ్గర, ఇంకొకటి 8 దగ్గర. ఎంఎఫ్‌ఎం అయితే 4, 6, 8 దగ్గర మూడు ఉండాలి. అనుమానం తీరిపోయింది.

బలహీనమైన డిస్కులకు ఈ పద్ధతిలో ఇంకో మేలుంది. ఒక్కో ట్రాకుకు పది చుట్లు నమోదు చేస్తే రెండు సెకన్లు, 40 ట్రాకుల ఒక వైపంతా ఎనభై సెకన్లు. ఆ తర్వాత డిస్కును మళ్లీ తిప్పాల్సిన పనిలేదు. ఎన్ని ప్రయోగాలైనా ఆ నమోదు మీదే చేసుకోవచ్చు.

అయిదు శుభ్రమైన డిస్కులూ ఆ సాయంత్రమే వచ్చేశాయి. ట్రాకుకు పది సెక్టార్లు, సెక్టారుకు 256 బైట్లు, ఒక వైపుకు వంద కిలోబైట్లు. మొదటి రెండు సెక్టార్లలో ఫైళ్ల పట్టిక. ఈ వ్యవస్థలో ప్రతి ఫైలూ ముక్కలు కాకుండా వరుస సెక్టార్లలోనే ఉంటుంది. ఎక్కడ మొదలైందో, పొడవెంతో తెలిస్తే చాలు. ఎక్కాలూ భిన్నాలూ గ్రాఫులూ దొరికాయి. అచ్చులు దొరకలేదు.

బూజు

నాలుగు బూజు డిస్కుల్లో మొదటిదాన్ని సందులోంచే శుభ్రం చేయబోయాను. తడిపిన మెత్తటి గుడ్డతో కొంచెం తుడవడం, వేలితో తిప్పడం, మళ్లీ తుడవడం. డిస్కును కప్పి ఉండే చదరపు తొడుగును, అంటే జాకెట్టును, కోయకుండా ఉన్నదున్నట్టు తిరిగి ఇవ్వాలన్నది నా కోరిక. ఆ పద్ధతి పనికిరాలేదు. జాకెట్టు లోపల మెత్తటి గుడ్డపొర ఒకటుంటుంది. బూజు అసలు అందులోనే ఉంది. తుడిచిన ఉపరితలం ఒక చుట్టు తిరిగేసరికి మళ్లీ మురికైపోయింది.

జాకెట్టును కాపాడాలా, రాతను కాపాడాలా అన్నది ప్రశ్న. మాస్టారినే అడిగాను. “సంచీ ఏం చేసుకుంటాను బాబూ, గింజలు కావాలి” అన్నారు.

జాకెట్టు పై అంచును పలుచటి బ్లేడుతో కోసి డిస్కును బయటికి తీశాను. తీయకముందే, పై వైపు ఏదో తెలిసేలా, నడిమి వలయం మీద పెన్నుతో గుర్తు పెట్టుకున్నాను. ఆ గుర్తు లేకపోతే తిరగేసి పెట్టే ప్రమాదముంది. స్వేదనజలంలో ఒక చుక్క సబ్బు ద్రావణం కలిపి రెండు వైపులా మెత్తగా అద్ది, వట్టి స్వేదనజలంతో కడిగి, నీడలో ఫ్యాను గాలికి ఆరనిచ్చాను. వేడి తగలనివ్వలేదు. పనికిరాని కొత్త డిస్కుల జాకెట్లు ఖాళీ చేసి వాటిలోకి వీటిని చేర్చాను. ఈ పనంతా మేడ మీద ఆరుబయట, మూతికి మాస్కు, చేతులకు గ్లవుసులు వేసుకుని చేశాను. బూజు ఊపిరితిత్తులకూ మంచిది కాదు. ఒక్కో డిస్కు చదివాక హెడ్డును ఐసోప్రొపైల్ ఆల్కహాలుతో తుడవకుండా రెండోది పెట్టలేదు.

నాలుగు డిస్కులూ చదివాను. అచ్చులు వాటిలోనూ లేవు.

మాస్టారికి ఫోన్ చేశాను. దొరికిన ఫైళ్ల పేర్లు ఒక్కొక్కటే చదివి వినిపించాను. ఆయన శ్రద్ధగా విని, “డ్రైవు రెండు చూశావా బాబూ?” అన్నారు. మా దగ్గర డ్రైవు ఒక్కటే కదా అనబోయి ఆగిపోయాను. ఆ వ్యవస్థలో డిస్కు రెండో వైపును డ్రైవు 2 అంటారు. దానికి విడిగా ఫైళ్ల పట్టిక ఉంటుంది. బలహీనమైన డిస్కులను అనవసరంగా తిప్పకూడదని నేను మొదటి వైపు మాత్రమే నమోదు చేశాను. రెండో వైపు వాడినట్టు ఏ లేబులు మీదా లేదు. జాగ్రత్త కోసం తీసుకున్న నిర్ణయమే అచ్చులను నా కళ్లకు కనబడకుండా చేసింది. ఇంత సూటి ప్రశ్న నేను మొదటి రోజే ఆయన్ని అడగాల్సింది: మీరు ఎలా దాచుకునేవారు, పేర్లు ఎలా పెట్టేవారు, కాపీలు ఎక్కడ ఉంచేవారు?

తొమ్మిది డిస్కుల రెండో వైపూ నమోదు చేశాను. ఆ కొట్టులో తిప్పిన డిస్కు రెండో వైపున ఆ పేరు కనిపించింది. ఫైలు పేరుకు ఆ వ్యవస్థ ఇచ్చేది ఏడే అక్షరాలు. మాస్టారు ఇంగ్లీషు లిపిలో ‘అక్షర’ (AKSHARA) అని రాశారు. సరిగ్గా ఏడు.

ఎనిమిది మిల్లీమీటర్లు

ఆ ఫైలులో ఒక్క సెక్టారు మాత్రం పది చుట్లలో ఒక్కసారి కూడా సరిగ్గా రాలేదు. ప్రతి సెక్టారు చివర రెండు బైట్ల తనిఖీ సంఖ్య ఉంటుంది. చదివిన 256 బైట్ల నుంచి లెక్కగట్టిన సంఖ్య దానితో కలిస్తే ఆ సెక్టారు నమ్మదగినది. ఇక్కడ కలవలేదు. డిస్కును మళ్లీ బయటికి తీసి దీపానికి ఎదురుగా పట్టుకున్నాను. సన్నటి చాపం ఆకారంలో ఒక గీత లోంచి మిగతాచోట్ల కంటే ఎక్కువ వెలుతురు ఇవతలికి వచ్చింది. పొడవు ఎనిమిది మిల్లీమీటర్లు. అక్కడ ఆ వైపు పూత లేదు. మాస్టారి అమ్మాయి విన్న చప్పుడు అది.

ఆ ట్రాకు చుట్టుకొలత సుమారు 30 సెంటీమీటర్లు. ఒక చుట్టులో పట్టే బైట్లు, మధ్య ఖాళీలతో కలిపి, మూడు వేల పైచిలుకు. మిల్లీమీటరుకు పది చొప్పున ఎనభై బైట్లు పోయినట్టు. గీతకు ముందూ తర్వాతా ఉన్న భాగం ప్రతి చుట్టులోనూ ఒకేలా వచ్చింది. ఆఖరి తనిఖీ సంఖ్య కూడా చెక్కుచెదరలేదు.

పోయినవి ఏమిటో ఇరుపక్కలా ఉన్న ప్రోగ్రాము వరుసలే చెప్పాయి. ముందు వరుస 235వ గడి బొమ్మ, తర్వాత మిగిలిన వరుస 238వది. పోయినవి 236, 237. అచ్చుల వరుసలో ఏడో అక్షరం, ఋ.

ఇక్కడ సులువైన దారి ఒకటుంది. పదహారు చుక్కల వెడల్పులో ఒక ఋ గీసి పెట్టేస్తే ప్రోగ్రాము నడుస్తుంది, ఎవరికీ తేడా తెలియదు. నేను అందుకు ఒప్పుకోలేదు. ఆ గళ్లలోని చుక్కలు ఆయన చేతిరాత. నేను గీసే ఋ చక్కగా ఉండవచ్చు, కానీ అది ఆయనది కాదు.

గ్రాఫు కాగితాలేమైనా ఉన్నాయా అని అడిగాను. రెండు రోజుల తర్వాత మాస్టారి అమ్మాయి ఒక నోటుపుస్తకం తెచ్చారు. పదహారు అచ్చులూ గళ్లలో పెన్సిలుతో నింపి, ప్రతి వరుస పక్కన దాని విలువ వేసి ఉంది. ఎడమ నుంచి 128, 64, 32, 16, 8, 4, 2, 1. నింపిన గళ్ల విలువలు కూడితే ఆ వరుస సంఖ్య వస్తుంది. ఋ దగ్గర రెండు బొమ్మలున్నాయి, ఒకటి కొట్టేసింది. కొట్టేయని బొమ్మ సంఖ్యలతో పోయిన రెండు ప్రోగ్రాము వరుసలూ టైపు చేసి సెక్టారును నింపి లెక్కగట్టాను. తనిఖీ సంఖ్య కలవలేదు. కొట్టేసిన బొమ్మతోనూ కలవలేదు.

బీబీసీ బేసిక్ ప్రోగ్రాములో ప్రతి వరుస మొదట్లో దాని సంఖ్య, ఆ వెంటనే దాని పొడవు ఉంటాయి. గీత మొదటి వరుస పొడవు దాటాకే మొదలైంది. రెండో వరుస ఎక్కడ ముగియాలో 238వ గడి వరుస మొదలైన చోటు చెబుతోంది. అంటే రెండు వరుసల పొడవులూ నాకు తెలుసు. సరిచూస్తే రెండో వరుస సరిపోయింది. మొదటి వరుస మాత్రం నాది ఒక్క అక్షరం ఎక్కువ. ఎడమ గడిలో ఏదో ఒక విలువకు డిస్కులో ఒక అంకె తక్కువ. అంటే మాస్టారు ఆ గడిని కంప్యూటర్ దగ్గరే మార్చారు, పుస్తకంలో దిద్దలేదు.

సంఖ్యలను ఒక్కొక్కటిగా మారుస్తూ పోతే తనిఖీ సంఖ్య ఎప్పుడో ఒకప్పుడు కలుస్తుంది. యాదృచ్ఛికంగా కలిసే అవకాశం 65,536లో ఒకటి. వేల ప్రయత్నాలు చేస్తే ఆ హామీ పలచబడిపోతుంది. అందుకని యంత్రాన్ని పక్కనబెట్టి, పుస్తకంతో మాస్టారి ఇంటికి వెళ్లాను. ఆయన ఆ బొమ్మను చాలాసేపు చూశారు. తర్వాత పై వరుసలో ఒంటరిగా ఉన్న చుక్క మీద గోరు పెట్టారు. “ఇది తీసేశాను. పై వరుసలోని అక్షరానికి తగిలేది. ఏడో తరగతి పిల్ల ఒకతె లేచి, ఋ నెత్తి మీద ముల్లు మొలిచింది మాస్టారూ అంది.”

ఆ చుక్క విలువ 16. దాన్ని తీసేస్తే వరుస విలువ 0. రెండంకెల చోట ఒకటి. గదికి తిరిగి వచ్చి మార్చి లెక్కగట్టాను. తనిఖీ సంఖ్య కలిసింది.

అందజేత, ఈ కేసు తర్వాత మార్చుకున్న పద్ధతులు

డిస్కుల ప్రతిరూపాలను బీబ్‌ఎమ్ అనే ఎమ్యులేటర్లో, అంటే పాత యంత్రాన్ని ఇప్పటి కంప్యూటర్లో అనుకరించే ప్రోగ్రాములో, నడిపి చూపించాను. మాస్టారు కీబోర్డు వైపు చూడకుండానే ఆదేశం టైపు చేశారు. పదహారు అచ్చులూ ఒక్కొక్కటే తెర మీదికి వచ్చాయి. ఋ దగ్గర ఆయన కొంచెం ముందుకు వంగారు.

ఆయనకు ఇచ్చినవి: అయస్కాంత మార్పుల అసలు నమోదు, దాన్నుంచి తీసిన ప్రతిరూపాలు, ప్రతి ప్రోగ్రామూ కాగితం మీద అచ్చు, నోటుపుస్తకం ఫొటోలు. కడిగిన డిస్కులను కొత్త కవర్లలో, తేమ పీల్చే సిలికా పొట్లాలతో గట్టి డబ్బాలో పెట్టాను. ‘అక్షర’ ఫైలుకు ఒక పత్రం జతచేశాను. ఇందులో ఎనభై బైట్లు డిస్కు నుంచి వచ్చినవి కావని, నోటుపుస్తకం, రచయిత జ్ఞాపకం ఆధారంగా నింపినవని, డిస్కు మీది తనిఖీ సంఖ్యతో సరిచూసినవని అందులో ఉంది. రేపు ఎవరైనా ఈ ఫైలు చూస్తే ఏది డిస్కులో దొరికింది, ఏది తర్వాత నింపింది అన్నది వాళ్లకు తెలియాలి.

ఈ కేసు తర్వాత నా పనిలో మూడు మార్పులు వచ్చాయి. డిస్కులు తెచ్చినవారితో మొదటి గంట మాటలకే కేటాయిస్తున్నాను, ప్రోగ్రాము రాసిన మనిషే ఉంటే ఇంకా ఎక్కువ. నోటుపుస్తకాలు, చిత్తుకాగితాలు, క్యాసెట్లు డిస్కులతోపాటే తెమ్మంటున్నాను. డిస్కులు ఒకే తీరుగా విఫలమైతే మూడోది పెట్టకుండా ఆగుతున్నాను.

పొడి రాలుతున్న రెండు డిస్కులు ఇంకా నా దగ్గరే ఉన్నాయి. ఒకదాని మీద ఒక్క ట్రాకు చదివి చూస్తే హెడ్డుకు గోధుమరంగు పొడి అంటుకుంది. వెంటనే ఆపేశాను. సైక్లోమెథికోన్ ద్రవాన్ని పలుచగా పూసి, అది ఆరిపోయేలోపు చదివే పద్ధతి ఉంది. దాన్ని పనికిరాని డిస్కుల మీద సాధన చేస్తున్నాను. చేయి కుదిరిందన్న నమ్మకం వచ్చేదాకా వాటిని ముట్టుకోనని మాస్టారికి చెప్పాను. ఆయన సరేనన్నారు. రెండో డిస్కు లేబులు మీద, తడికి అలుక్కుపోయిన పెన్సిలు రాతలో, ‘హల్లులు’ అని ఉంది.